గండి ఎక్కడ పడాలో ముందే తేల్చుకునే విద్య: అమెరికన్ ఫుట్‌బాల్‌లో పరుగును ఆపే మోహరింపులు

1986 జనవరి 12న మయామీలో న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ జట్టు బంతిని చేత పట్టుకుని 59 సార్లు పరుగెత్తి 255 గజాలు సంపాదించింది. డాల్ఫిన్స్‌ను 31-14తో ఓడించి తన చరిత్రలో తొలిసారి సూపర్ బౌల్‌కు, అంటే వృత్తి ఫుట్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చే చివరి ఆటకు, చేరుకుంది. సరిగ్గా రెండు వారాల తరువాత, జనవరి 26న, న్యూ ఆర్లియన్స్‌లో అదే జట్టు షికాగో బేర్స్‌ను ఎదుర్కొని 11 పరుగులలో కేవలం 7 గజాలు ముందుకు వెళ్లగలిగింది. బేర్స్ 46-10తో గెలిచింది.

రెండు వారాలలో ఎవరి కాళ్ల వేగమూ అంతగా మందగించదు. బేర్స్ ఆటగాళ్లు అసాధారణమైన దేహబలం కలవారన్నది నిజమే గాని, ఆ 7 గజాల వెనుకనున్న కారణంలో పెద్ద భాగాన్ని బంతి కదలకముందే, రెండు జట్లూ ఎదురెదురుగా వంగి నిలబడిన ఆ కొద్ది క్షణాలలోనే చూడవచ్చు. పేట్రియట్స్ ముందు వరుసలో మధ్యనున్న ముగ్గురికీ ఎదురుగా, ఒక్కొక్కరికి ఒక్కొక్కరు చొప్పున, షికాగో ముగ్గురు భారీకాయులను నిలబెట్టింది. దానితో ఒక రక్షకుడిని ఇద్దరు కలిసి పక్కకు నెట్టే అవకాశం ఆ జట్టుకు దాదాపుగా లేకుండా పోయింది. ఎవరు ఎక్కడ, ఎవరి ఏ భుజానికి ఎదురుగా నిలబడాలన్న ఆ నిర్ణయాన్నే మోహరింపు అంటాము. పరుగును ఆపడం మొదట లెక్క, తరువాతే బలం. ఆ లెక్కలో అన్ని చోట్లనూ సమానంగా మూసివేయడం ఎవరికీ సాధ్యం కాదు గనుక, ప్రతి మోహరింపూ నిజానికి ఎక్కడ బలహీనంగా ఉండాలో ముందుగా ఒప్పుకోవడమే.

క్రికెట్‌కు అలవాటుపడిన పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ పరుగు అంటే స్కోరు కాదు. దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని గాలిలోకి విసరకుండా రన్నింగ్ బ్యాక్ చేతికి అందిస్తే, అతడు దానిని పొట్టకు పొదువుకుని మనుషుల మధ్యనుంచి దూసుకుపోవడమే పరుగు. దాడి జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి, వాటిని డౌన్లు అంటారు. వాటిలో 10 గజాలు గడిస్తే మళ్లీ నాలుగు వస్తాయి. మొదటి రెండు డౌన్లలో పరుగుకు నాలుగేసి గజాలు వచ్చాయనుకుందాం, మూడవ డౌన్‌కు మిగిలేది 2 గజాలే. అప్పుడు దాడి జట్టు పరుగెత్తనూ వచ్చు, విసరనూ వచ్చు, రక్షణ జట్టు రెండింటికీ సిద్ధపడాలి. ఆ రెండు పరుగులనూ ఒక్కొక్క గజం దగ్గరే కట్టేస్తే మాత్రం 8 గజాలు మిగులుతాయి, విసరడం తప్ప దాదాపు దారి ఉండదు, ఆ సంగతి మైదానంలో ఉన్న అందరికీ తెలుసు. పరుగును ఆపడమంటే ప్రత్యర్థి తరువాత ఏమి చేయబోతున్నాడో మనకు తెలిసేలా చేయడం. టెలివిజన్‌లో మూడవ డౌన్‌లో క్వార్టర్‌బ్యాక్‌ను వెంటాడి పడగొట్టినవాడికి చప్పట్లు దక్కుతాయి, కాని ఆ అవకాశాన్ని అతనికి సంపాదించి పెట్టినది తరచుగా మొదటి డౌన్‌లో దుమ్ములో కనబడకుండా నిలిచిన మరొకడు.

సందుల లెక్క

దాడి జట్టు ముందు వరుసలో అయిదుగురు ఉంటారు: మధ్యలో బంతిని వెనక్కి అందించే సెంటర్, అతనికి చెరో పక్క గార్డులు, వారికి అవతల టాకిళ్లు. పడగొట్టడాన్నీ టాకిల్ అనే అంటారు గనుక కొత్తవారికి ఈ మాట తికమక కలిగిస్తుంది. ఇక్కడ అది స్థానం పేరు. సెంటర్‌కూ గార్డుకూ మధ్యనున్న సందును 'ఏ' గ్యాప్ అనీ, గార్డుకూ టాకిల్‌కూ మధ్యనున్నదానిని 'బీ' గ్యాప్ అనీ, టాకిల్ వెలుపలిదానిని 'సీ' గ్యాప్ అనీ పిలుస్తారు. టాకిల్ పక్కన టైట్ ఎండ్ అనే ఆరవ మనిషి నిలబడితే ఆ వైపున 'డీ' గ్యాప్ కూడా పుడుతుంది. అయిదుగురు నిలబడితే వారి మధ్య నాలుగు సందులు, బయట రెండు, మొత్తం ఆరు. టైట్ ఎండ్ వస్తే ఏడు. రన్నింగ్ బ్యాక్‌కు ముందు ఫుల్‌బ్యాక్ దారి తీస్తూ వెళ్తే, అతడు దూరిన సందు రెండుగా చీలుతుంది గనుక ఎనిమిది.

కాలువ గట్టు మీద ఎన్ని బలహీనమైన చోట్లు ఉన్నాయో అన్ని చోట్లా మనిషి ఉండాలి; ఒక్క చోట లేకపోయినా నీరు అక్కడే గండి కొడుతుంది. పరుగెత్తేవాడు కూడా నీటివంటివాడే, ముందుగా అనుకున్న సందు మూసుకుపోతే పక్కదానిని వెతుక్కుంటాడు. అందువల్ల రక్షణలో మొదటి నియమం, ప్రతి సందుకూ ఒక యజమాని ఉండాలి, ఆ యజమాని బంతి ఇంకెటు పోతున్నట్లు కనబడినా తన సందు వదలి పోకూడదు. కొత్త ఆటగాళ్లకు అన్నిటికంటె కష్టమైన పాఠం ఈ రెండవ భాగమే. బంతి వెంట పరుగెత్తాలని ఒళ్లంతా చెబుతుంది, కాని వదలివచ్చిన సందులోనుంచే బంతి వెనక్కి తిరిగి వస్తుంది.

ఇక మనుషుల లెక్క. దాడి జట్టులో పదకొండుగురిలో బంతి అందించిన క్వార్టర్‌బ్యాక్ ఎవరినీ అడ్డుకోడు, బంతి పట్టినవాడు అడ్డుకోలేడు. విసిరిన బంతిని అందుకునే రిసీవర్లు ఇద్దరు దూరంగా నిలబడితే వారిని కనిపెట్టడానికి ఇద్దరు కార్నర్‌బ్యాకులు పోతారు. అంటే దాడివైపు అయిదుగురు లైన్‌మన్లు, ఒక టైట్ ఎండ్, ఒక ఫుల్‌బ్యాక్ కలిసి ఏడుగురు అడ్డుకునేవారు మిగులుతారు, రక్షణవైపు తొమ్మిదిమంది. ఆ తొమ్మిదిమందిలో చివర కాపు కాసే సేఫ్టీలు ఇద్దరు. ఇద్దరినీ లోతుగా, 12 గజాల వెనుక ఉంచితే ముందు భాగంలో ఏడుగురే ఉంటారు, అడ్డుకునేవారికి సరిగ్గా సమానం. ఒక సేఫ్టీని ముందుకు దించితే ఎనిమిదిమంది అవుతారు, ఎవరూ అడ్డుకోలేని ఒక్క మనిషి అదనంగా దొరుకుతాడు. ముందు వరుసకు దగ్గరగా ఉన్న ఈ భాగాన్ని బాక్స్ అంటారు. బాక్స్‌లో ఎందరున్నారో లెక్కపెట్టడం క్వార్టర్‌బ్యాక్ స్నాప్‌కు, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించే క్షణానికి, ముందు చేసే మొదటి పని. పరుగు రక్షణ ముందు వరుసలోని లావుపాటి మనుషుల వ్యవహారమని చాలామంది అనుకుంటారు గాని, దాని ఖరీదును నిర్ణయించేది వెనుకనున్న సన్నని సేఫ్టీ నిలబడిన దూరం. అతడు దిగివస్తే పరుగు ఆగుతుంది, అతడు విడిచివచ్చిన చోట బంతి గాలిలో ఎగురుతుంది.

అర అడుగు జరిగితే ఏమవుతుంది

రక్షణ లైన్‌మన్ ఎక్కడ నిలబడాలో చెప్పడానికి శిక్షకులు అంకెల భాష వాడతారు. 1950లలో టెక్సస్‌లో ఇది రూపు దిద్దుకుంది. బమ్ ఫిలిప్స్, బేర్ బ్రయంట్ అనే ఇద్దరు శిక్షకుల పేర్లు దానితో ముడిపడి ఉన్నాయి. సెంటర్‌కు సూటిగా ఎదురుగా నిలబడితే 0 టెక్నిక్, అతని ఒక భుజానికి జరిగితే 1. గార్డుకు ఎదురుగా ఉంటే 2, అతని వెలుపలి భుజానికి 3. టాకిల్‌కు ఎదురుగా 4, అతని వెలుపల 5. టైట్ ఎండ్‌కు ఎదురుగా 6, అతని లోపలి భుజానికి 7, వెలుపల 9. గార్డుకూ టాకిల్‌కూ లోపలి భుజం మీద నిలబడటాన్ని 2ఐ, 4ఐ అంటారు. అంకెలు పూర్తిగా క్రమంగా లేవు, కాని దేశమంతటా ఉన్నత పాఠశాల పిల్లవాడినుంచి వృత్తి ఆటగాడి వరకు అందరికీ అర్థమయ్యే భాష ఇదే.

మనిషికి సూటిగా ఎదురుగా నిలబడడానికీ అతని భుజానికి ఎదురుగా నిలబడడానికీ తేడా అర అడుగే, కాని ఆ అర అడుగులోనే రెండు వేరువేరు సిద్ధాంతాలు ఉన్నాయి. భుజానికి ఎదురుగా నిలబడినవాడు తన సగం శరీరాన్ని ముందే ఒక సందులో ఉంచినట్లే. బంతి కదలగానే ఆ సందులోకి దూకి అవతల కలకలం సృష్టిస్తాడు. ఒక మనిషికి ఒక సందు. ఈ పద్ధతిలో వేగం, చురుకుదనం ఉన్నవారు రాణిస్తారు. టంపా బే జట్టులో 3 టెక్నిక్‌గా వారెన్ సాప్ ఆడిన తీరు దీనికి చక్కని ఉదాహరణ. సూటిగా ఎదురుగా నిలబడినవాడి పని వేరు. అతడు ఎదుటివాడి ఛాతీ మీద రెండు చేతులూ వేసి, అతడిని అక్కడే నిలిపి, బంతి ఏ పక్కకు వస్తుందో చూసి ఆ పక్కకు తోసివేయాలి. ఒక మనిషికి రెండు సందులు. ఇది ఓపికతో కూడిన, పేరు రాని పని. ముందు ముగ్గురు లైన్‌మన్లు, వారి వెనుక నలుగురు లైన్‌బ్యాకర్లు ఉండే 3-4 మోహరింపులో మధ్యన నిలబడే నోస్ టాకిల్ ఏళ్ల తరబడి చేసేది ఇదే. పేట్రియట్స్ జట్టులో విన్స్ విల్ఫోర్క్ ఆ స్థానంలో ఉన్నప్పుడు ఆట గణాంకాలలో అతని పేరు అంతగా కనబడకపోవడం అతడు తన పని సరిగా చేశాడనడానికే గుర్తు.

ఒక్కడు రెండు సందులు కాచగలిగితే వెనుక ఒక మనిషి మిగులుతాడు. ఒకడిని ఆపడానికి ఇద్దరు రావలసి వచ్చినా ఫలితం అదే. 2000 సంవత్సరపు బాల్టిమోర్ రేవెన్స్ 16 ఆటలలో ప్రత్యర్థులకు ఇచ్చిన పరుగు గజాలు మొత్తం 970, అంటే ఆటకు సుమారు 61. పదహారు ఆటల సీజన్‌లో అంత తక్కువ ఎవరూ ఇవ్వలేదు. ఆ జట్టు మధ్యలో శామ్ ఆడమ్స్, టోనీ సిరాగూసా అనే ఇద్దరు, దాదాపు 150 కిలోల చొప్పున బరువున్నవారు, ఒక్కొక్కరు ఇద్దరేసిని తమ మీదకు లాక్కునేవారు. వారి వెనుక నిలబడిన లైన్‌బ్యాకర్ రే లూయిస్ వరకు వచ్చి అతడిని తాకగల లైన్‌మన్ మిగిలేవాడు కాదు. లూయిస్ గొప్ప ఆటగాడు, అందులో అనుమానం లేదు. ఆ గొప్పతనానికి దారి ఊడ్చి ఉంచినది మాత్రం ఆ ఇద్దరే.

లాండ్రీ, లాంబార్డీ

1950ల మధ్యలో న్యూయార్క్ జెయింట్స్ జట్టులో ఒకే ప్రధాన శిక్షకుని కింద ఇద్దరు సహాయకులు పనిచేశారు. దాడిని విన్స్ లాంబార్డీ, రక్షణను టామ్ లాండ్రీ చూసుకునేవారు. అంతవరకు అనేక జట్లు ముందు వరుసలో అయిదారుగురిని నిలబెట్టేవి. లాండ్రీ ముందు నలుగురిని ఉంచి, వారి వెనుక ముగ్గురు లైన్‌బ్యాకర్లను నిలిపి, మధ్యనున్న శామ్ హఫ్ చుట్టూ రక్షణను అల్లాడు. మధ్యనున్నవాడు నేలకు వంగి కాకుండా నిటారుగా నిలబడితే ఎటు కావలిస్తే అటు చూడగలడు, ఎటు కావలిస్తే అటు కదలగలడు. 1956లో జెయింట్స్ ఆ పద్ధతితోనే బేర్స్‌ను 47-7తో ఓడించి ఛాంపియన్లయ్యారు. నేటికీ 4-3 అని మనం పిలిచేది దాని సంతతే.

తరువాత లాంబార్డీ గ్రీన్ బే వెళ్లాడు, లాండ్రీ డల్లాస్ కౌబాయ్స్ జట్టుకు వెళ్లాడు. లాంబార్డీ తన పరుగుదారులకు నేర్పినది, ఫలానా సందులోనే దూరాలని పట్టుబట్టకుండా, అడ్డుకునేవారు రక్షకులను ఎటు నెడితే దానికి వ్యతిరేక దిశలో వెలుతురు కనబడినచోట దూరమని. దీనికి జవాబుగా లాండ్రీ ఫ్లెక్స్ అనే మోహరింపు తయారుచేశాడు. ముందు వరుసలో ఇద్దరిని బంతి ఉన్న గీతకు రెండు మూడడుగులు వెనక్కి జరిపి నిలబెట్టాడు. వారు ముందుకు దూకరు, చూస్తారు. తమ సందును ముందుగా కాపాడుకుని, బంతి అక్కడికి రాదని తేలిన తరువాతే కదులుతారు. సహజ ప్రవృత్తికి ఇంత విరుద్ధమైన పద్ధతిని బాబ్ లిల్లీ వంటి మహా చురుకైన ఆటగాడి చేత కూడా ఆడించడంలో లాండ్రీ పట్టుదల కనబడుతుంది. 1971 నుంచి కౌబాయ్స్ ఈ ఆట ఆడిన మైదానం డల్లాస్ శివారు ఇర్వింగ్‌లో ఉండేది. నేడు ఇర్వింగ్, ఫ్రిస్కో చుట్టుపక్కల స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాల పిల్లలు పెరుగుతున్నది ఆ నేల మీదే.

అయితే లెక్క ఎంత పక్కాగా ఉన్నా ఇద్దరు కలిసి ఒక్కడిని తోసేటప్పుడు ఎవరు కిందుగా ఉన్నారన్నదే చివరి మాట అవుతుంది. 1967 డిసెంబరు 31న గ్రీన్ బేలో, మైదానం గడ్డకట్టిపోయిన చలిలో, 16 సెకన్లు మిగిలి ఉండగా, గోల్ గీతకు గజం కూడా లేని దూరంలో లాంబార్డీ జట్టు ఎంచుకున్న చోటు డల్లాస్ రక్షకుడు జెత్రో పగ్ నిలబడినది. అతడు స్నాప్ సమయంలో కాస్త ఎత్తుగా లేస్తాడని గార్డు జెర్రీ క్రేమర్ ముందే గమనించాడు. క్రేమర్, సెంటర్ కెన్ బోమన్ కలిసి అతడి కిందకు దూరి నెట్టారు, వారి వెనుక క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ గీత దాటాడు. 21-17.

ఎక్కడ ఖాళీ ఉంచాలి

నలుగురు లైన్‌మన్లతో ఏడు సందులను నింపలేము. లైన్‌మన్ లేకుండా, వెనుక లైన్‌బ్యాకర్ మాత్రమే కాచే సందును బబుల్ అంటారు, అంటే బుడగ. దాడి శిక్షకుడు వెతికేది ఆ బుడగనే. 4-3లో ఓవర్, అండర్ అనే రెండు ప్రసిద్ధ రూపాల మధ్య తేడా కూడా ఇదే. ఓవర్‌లో 3 టెక్నిక్ లైన్‌మన్ టైట్ ఎండ్ ఉన్న వైపు 'బీ' గ్యాప్‌లో ఉంటాడు, సెంటర్ పక్కన నిలబడే నోస్ రెండవ వైపు 'ఏ' గ్యాప్‌ను మూస్తాడు. టైట్ ఎండ్ ఉన్న బలమైన వైపు 'ఏ', అతడు లేని బలహీనమైన వైపు 'బీ' బుడగలవుతాయి. అండర్‌లో వారిద్దరూ వైపులు మారతారు, టైట్ ఎండ్ పక్కన ఒక లైన్‌బ్యాకర్ ముందు వరుసలోకి వచ్చి నిలబడతాడు. అప్పుడు బలమైన వైపు అంచు గట్టిపడుతుంది, బుడగ ఆ వైపు 'బీ' గ్యాప్‌కు జరుగుతుంది. రెండింటిలో ఏది మేలని అడగడం వ్యర్థం. ఎదుటి జట్టుకు ఏ పరుగు అలవాటో, మన లైన్‌బ్యాకర్లలో ఎవరు ముందుగా వచ్చి ఢీకొనగలరో తెలిస్తే, బుడగను వారి ముందు పెట్టుకోవడమే మేలైనది.

ఈ దృష్టితో చూస్తే బడీ ర్యాన్ తీర్చిదిద్దిన 46 డిఫెన్స్ మొండి ధైర్యంతో కూడినది. ఆ పేరు మనుషుల సంఖ్యనుంచి రాలేదు, బేర్స్ సేఫ్టీ డగ్ ప్లాంక్ చొక్కా మీది అంకె అది; 1985 నాటికి ప్లాంక్ జట్టులో లేడు, పేరు మాత్రం మిగిలింది. సెంటర్ మీద డాన్ హాంప్టన్, రెండు గార్డుల మీద స్టీవ్ మెక్‌మైకేల్, విలియం పెర్రీ. బలహీనమైన వైపు దూరంగా రిచర్డ్ డెంట్. రెండవ వైపు ఇద్దరు లైన్‌బ్యాకర్లు పక్కపక్కనే. వెనుక మైక్ సింగిల్టరీ, అతనికి తోడు ముందుకు దిగివచ్చిన సేఫ్టీ. ఎనిమిదిమంది. లోపలి ముగ్గురు లైన్‌మన్లూ తమ ఎదుటివాడితోనే సరిపోవడంతో, గార్డు లేచి పక్కకు పరుగెత్తి దారి తీసే పరుగులన్నీ కుంటుపడేవి, ఎందుకంటే గార్డు వదలిన చోటనుంచే రక్షకుడు లోపలికి వచ్చేవాడు. దీనికి చెల్లించిన మూల్యం వెనుక మైదానంలో ఉంది. ఆ సీజన్‌లో బేర్స్ ఓడిన ఒకే ఒక్క ఆట, 1985 డిసెంబరు 2న మయామీలో 38-24తో, డాన్ మరీనో బంతిని విసరడం వల్ల ఓడినదే. డాల్ఫిన్స్ అదనపు రిసీవర్లను పెట్టి, వారిని కాచే పనిని కార్నర్‌బ్యాకులంత వేగం లేని రక్షకుల మీద వేశారు.

అంచులు

ఇంతవరకు చెప్పినది మధ్య భాగం గురించి. అంచున ఉన్నవాడి పని మరొకటి. కబడ్డీలో కూతకు వచ్చినవాడిని పట్టేది ఒక కార్నర్ ఆటగాడే అయినా, అతడు ఏ దారిలో గీత వరకు తిరిగి పోలేడో మిగిలినవారు నిలబడిన చోటు చెబుతుంది. ఇక్కడ కూడా బయటి అంచున ఉన్నవాడు పరుగుదారుడిని తానే పడగొట్టనక్కరలేదు. తన వెలుపలి భుజాన్ని ఖాళీగా ఉంచుకుని, అతడిని లోపలికి, తనవారు ఎక్కువగా ఉన్నవైపుకు మళ్లిస్తే చాలు. కొన్ని జట్లు దీనికి వ్యతిరేకంగా చేస్తాయి: దారి తీస్తూ వస్తున్న గార్డు కాళ్ల ముందుకు రక్షకుడు లోపలినుంచి దూకి సందు మూసి, బంతిని బయటికి చిందిస్తాడు, అక్కడ వేగంగా పరుగెత్తే లైన్‌బ్యాకరో సేఫ్టీయో ఎదురుచూస్తూ ఉంటాడు. రెండు పద్ధతులూ పనిచేస్తాయి. ఒకే పరుగులో ఒకడు లోపలికి మళ్లిస్తూ, మరొకడు బయటికి చిందిస్తూ ఉంటే మాత్రం వారి మధ్యన ఏర్పడే దారిలో పరుగుదారుడు సునాయాసంగా వెళ్లిపోతాడు. 40 గజాల పరుగులలో నేను చూసినంతవరకు ఎక్కువ భాగం బలహీనతవల్ల కాదు, ఇటువంటి అపార్థంవల్లనే.

అంచు ప్రాముఖ్యాన్ని చూపే ఉదాహరణ 2018 సీజన్‌ది. షాన్ మెక్‌వే నడిపిన లాస్ ఏంజలిస్ రామ్స్ జట్టు ఔట్‌సైడ్ జోన్ అనే పరుగు మీద బతికేది. ముందు వరుస మొత్తం ఒకే దిశలో పక్కకు కదులుతుంది. ఇద్దరు కలిసి ఒక రక్షకుడిని కదిలించి, వారిలో ఒకడు వదిలి వెనుకనున్న లైన్‌బ్యాకర్‌ను అడ్డుకుంటాడు. టాడ్ గర్లీ ఆ కదలికలో తెరచుకున్న చోట దూరతాడు. విక్ ఫాంజియో రక్షణను నడిపిన బేర్స్ ఆ డిసెంబరులో ఆరుగురిని ముందు వరుసలో నిలబెట్టి, వెనుక ఒకే లైన్‌బ్యాకర్‌ను ఉంచి రామ్స్‌ను 15-6తో ఓడించింది. రెండు నెలల తరువాత 53వ సూపర్ బౌల్‌లో పేట్రియట్స్ అదే పాఠాన్ని వాడుకున్నారు. ప్రతి అడ్డుకునేవాడి ముందు ఒక మనిషి నిలబడి ఉన్నందువల్ల ఇద్దరు కలిసి ఒక్కడిని తోసే అవకాశం చెడిపోయింది. రెండు అంచులూ ముందే మూసుకుని ఉన్నందువల్ల పక్కకు సాగే పరుగుకు చోటు లేకపోయింది. గర్లీకి 10 పరుగులలో 35 గజాలు, రామ్స్‌కు మొత్తం ఆటలో 3 పాయింట్లు. 46 డిఫెన్స్‌కు ఇది రూపంలో దూరపు బంధువు, ఆలోచనలో సొంత బిడ్డ.

క్వార్టర్‌బ్యాక్ స్వయంగా పరుగెత్తగలిగితే పైన వేసిన లెక్కంతా మారుతుంది. అప్పుడు అతడు కూర్చుని చూసేవాడు కాదు, దాడికి ఒక మనిషి కలిసివచ్చినట్లే. జోన్ రీడ్ అనే పద్ధతిలో అంచున ఉన్న ఒక రక్షకుడిని ఎవరూ అడ్డుకోరు. అతడు పరుగుదారుడి వెంట పోతే క్వార్టర్‌బ్యాక్ బంతిని తానే ఉంచుకుంటాడు, అక్కడే నిలబడితే బంతి అందిస్తాడు. ఏమి చేసినా తప్పే అవుతుంది. దీనికి జవాబుగా ఆ రక్షకుడు తెలిసే లోపలికి పోతాడు, అతని వెనుకనున్న లైన్‌బ్యాకర్ అతడు వదలిన బయటి చోటికి చుట్టి వస్తాడు; క్వార్టర్‌బ్యాక్ చూసి నిర్ణయం తీసుకున్నది ఒకరిని, ఎదురుపడేది మరొకరిని. 2019లో లామార్ జాక్సన్ 1,206 గజాలు పరుగెత్తి క్వార్టర్‌బ్యాకుల రికార్డు నెలకొల్పిన రేవెన్స్ జట్టు, సీజన్ మొత్తంలో 3,296 గజాల జట్టు రికార్డు కూడా సాధించిందంటే, ఈ ఒక్క అదనపు మనిషిని లెక్కలోకి తేవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

కళాశాల ఆటలో మైదానం వెడల్పంతా పరచుకునే దాడులకు వచ్చిన జవాబు టైట్ ఫ్రంట్. ఇందులో ముగ్గురు లైన్‌మన్లలో ఒకడు సెంటర్ మీద, ఇద్దరు టాకిళ్ల లోపలి భుజాల మీద, అంటే 4ఐ, 0, 4ఐగా నిలబడతారు. రెండు 'బీ' గ్యాపులూ మూతపడతాయి, బంతి బలవంతంగా బయటికి పోతుంది, మిగిలినవారు విసిరే బంతిని కాచడానికి వెనుకనే ఉండగలుగుతారు. 2021 సీజన్ చివర అలబామాను 33-18తో ఓడించి జాతీయ ఛాంపియన్ అయిన జార్జియా ఈ మోహరింపును విరివిగా వాడింది. మధ్యన జోర్డన్ డేవిస్ వంటి కొండంత మనిషి ఉండటం ఎంత ఉపకరించిందో వేరే చెప్పనక్కరలేదు.

వృత్తి ఆటలో నేడు ఫాంజియో శిష్య ప్రశిష్యులు అనేక జట్లలో ఇద్దరు సేఫ్టీలనూ లోతుగా నిలిపి, బాక్స్‌లో ఆరుగురినే ఉంచుతున్నారు. ఒక్కొక్క లైన్‌మన్ తన సందుతోపాటు పక్క సందులో సగం కూడా కాచాలి, సేఫ్టీ వచ్చి చేరేవరకు ఆ సగంతో నెట్టుకురావాలి. పరుగుకు నాలుగు గజాలు ఇవ్వడానికి వారు తెలిసే ఒప్పుకున్నారు, ఎందుకంటే గాలిలో ఒకేసారి 40 గజాలు పోవడం దానికంటె చాలా ఖరీదైనది. నాకు ఇది ఓటమిని అంగీకరించడంగా తోచదు. గండి పడితే పడనిమ్మని పంట లేని బీడు వైపు గట్టును తక్కువ ఎత్తులో కట్టుకునే రైతు లెక్క ఇది. అయితే చివరి గజం దగ్గర ఈ లెక్క చెల్లదు. అక్కడ ఇవ్వడానికి నాలుగు గజాలు ఉండవు, వెనుక కాపాడుకోవలసిన చోటూ ఉండదు, అందరూ ముందుకే రావాలి.

2015 ఫిబ్రవరి 1న 49వ సూపర్ బౌల్ చివరి నిమిషంలో సియాటిల్ సీహాక్స్ అటువంటి చోటికి చేరుకుంది. పేట్రియట్స్ 28-24 ఆధిక్యంలో ఉన్నారు. మార్షాన్ లించ్ అయిదు గజాల దూరంనుంచి పరుగెత్తగా, గాయపడిన భుజంతోనే లైన్‌బ్యాకర్ డాంటే హైటవర్ అతడిని ఒక గజం ముందు పడగొట్టాడు. తరువాతి డౌన్‌కు సియాటిల్ ముగ్గురు రిసీవర్లను పంపింది. సాధారణంగా దానికి బదులుగా రక్షణ జట్టు తేలికైన ఆటగాళ్లను దించుతుంది, అప్పుడు లించ్‌కు దారి సులువు. పేట్రియట్స్ అలా చేయలేదు. ముందు వరుసలో భారీ మనుషులనందరినీ అలాగే ఉంచి, ముగ్గురు కార్నర్‌బ్యాకులను మాత్రం దించింది. సియాటిల్ శిక్షకుడు పీట్ క్యారల్ ఆ తరువాత చెప్పిన కారణం ఇదే: ఎదురుగా గోల్ లైన్ మనుషులు నిలబడి ఉన్నారు, తమవైపు ముగ్గురు రిసీవర్లు ఉన్నారు, ఆ బలగం మీదికి పరుగెత్తడం సరికాదనిపించింది. క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ బంతిని విసిరాడు. మూడవ కార్నర్‌బ్యాక్‌గా వచ్చిన మాల్కమ్ బట్లర్ దానిని గీత దగ్గర అందుకున్నాడు. ఆ ఆటలో అప్పటికే 102 గజాలు పరుగెత్తిన లించ్ చేతికి బంతి మళ్లీ రాలేదు.